మా గల్లీ మోరీ మీద బండలు

మున్సిపాలిటీ మా వార్డులో ఒక్కో గల్లీకి ఒక చిన్న పని మంజూరు చేస్తుందని, ఏం కావాలో గల్లీవాళ్లే తేల్చుకుని దరఖాస్తు ఇవ్వాలని వార్డు ఆఫీసరమ్మ వచ్చి చెప్పి వెళ్లింది. నా దస్తూరీ బాగుంటుందని రాసే పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో మిషన్ కుట్టుకునేదాన్ని. నేను రాసిన కాగితం ఆఫీసుకు పోతుందంటే కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆదివారం పొద్దున కిరాణా దుకాణం ముందు అందరం చేరాం. గల్లీ మొదట్లో కమాను కట్టించాలని దుకాణం ఆయన పట్టుబట్టాడు.

"సిద్దిపేటల ఎన్ని గల్లీలకు కమాన్లున్నయో చూడుండ్రి. మన గల్లీకే ఓ గుర్తు లేదు."

అందరూ తలూపారు. నేనూ ఊపాను. సగం దరఖాస్తు రాసేశాను కూడా.

అప్పుడు మా ఎదురింటి అవ్వ లేచింది. ఆమె భర్త ఒకప్పుడు మగ్గం నేసేవాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. వాళ్ల గడపకూ రోడ్డుకూ మధ్య మురుగు పారే తెరిచిన మోరీ. ఇద్దరు మగవాళ్లు కుర్చీ ఎత్తి దాటిస్తే తప్ప ఆయన బయటికి రాలేడు. దవాఖానకు పోవాల్సినప్పుడు తప్ప ఆమె ఎవరినీ సాయం అడిగేది కాదు.

"బిడ్డా, కమాను కింద నుంచి మా ముసలాయన పోవాలంటే ముందుగాల మోరీ దాటాలె గద," అంది నాతో మెల్లగా.

ఆ ఇంటికి ఎదురుగా కూర్చుని రోజంతా కుట్టేదాన్ని నేను. నాకే తట్టలేదు. చేతిలో కాగితం దాచుకోవాలనిపించింది.

చివరికి దుకాణం ఆయనే అన్నాడు: "ఆ కాయితం పక్కకు పెట్టు చెల్లె. మోరీ మీద బండలని రాయి. అవ్వ ఇంటి ముంగట ర్యాంపు గూడ రాయి."

వానాకాలం వెళ్లాక పని మొదలైంది. అవ్వ పనివాళ్లకు రోజూ చాయ్ పోసేది. గల్లీ చివర రెండిళ్లు మిగిలి ఉండగానే బండలు అయిపోయాయి. దుకాణం ఆయన తన వాకిట్లో పరుచుకోవడానికి తెచ్చుకున్న బండలు తీసి ఇచ్చాడు. ఆ మాట పనివాళ్లు చెబితేనే మాకు తెలిసింది.

ర్యాంపు ఆరిన రోజు, ముసలాయన ఎక్కడికి పోదామన్నాడో తెలుసా? కటింగ్ షాపుకు. రెండేళ్లుగా అవ్వే గడ్డం గీసేది. ఆమె కుర్చీ నెట్టుకుంటూ వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. ఆయన దారిలో ప్రతి ఇంటి ముందూ ఆపించి పలకరించాడు. షాపులో పెద్ద అద్దం ముందు చాలాసేపు తనను తాను చూసుకున్నాడు.

"గింత ముసలోన్నయిన్నానె?" అన్నాడు భార్యతో.

"నాకెప్పుడో ఎరికె," అంది అవ్వ. ఇద్దరూ నవ్వారు. షాపతను కూడా కత్తెర పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

ముసలాయన ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. సాయంత్రాలు దుకాణం ముందు కూర్చునేవాడు, వచ్చేపోయేవాళ్ల బట్ట చూసి అది ఏ నేతో చెప్పేవాడు. ఆ సాయంత్రాలు మాకు దొరికినందుకు ఎవరికి దండం పెట్టాలో అనుకుంటే, ముందు నోరు తెరిచి అడిగిన అవ్వే గుర్తొస్తుంది. మాట మార్చుకోవడానికి సిగ్గుపడని దుకాణం ఆయన ఆ తర్వాత.