ట్యాంకు మూత మీది మర

తొమ్మిదిసార్లు విప్పి బిగించాడు పడవాయన ఆ ఇంజన్ని. పొద్దున్నే వరండాలో పాత దుప్పటి పరిచి, ఒక్కో నట్టూ కిరోసిన్‌లో కడిగి, పంచె అంచుతో తుడిచి, వెలుతురుకి పట్టి చూస్తాడు. ఏడాది కిందట నడిఏటిలో ఇంజను ఆగిపోయి, పడవ సుడిలో పడి, తమ్ముడు పోయాడు. దోషం ఇంజనుదేనని ఆయన పట్టుదల. అదేమో నీళ్ల డ్రమ్ములో దించిన ప్రతిసారీ నంగనాచిలా చక్కగా నడుస్తుంది.

ఈరోజు మాత్రం అయిదు నిమిషాలు నడిచి, దగ్గి, ఆగిపోయింది. అచ్చం ఆ రోజులాగే. తమ్ముడి భార్య గుమ్మంలోకి వచ్చి, "నావల్లేనేమో బావగారూ! వాసన భరించలేక ఇందాక ట్యాంకు మూత మీది మర బిగించేశాను," అంది.

ఆ మర వదులు చేస్తేనే లోపలికి గాలి వెళ్లి నూనె దిగుతుంది. పడవ నడిపేవాడికి అది ఓనమాలు. ఇంట్లో ఎప్పుడూ వదులుగానే ఉంచేవాడు. ఆ రోజు, "మబ్బేస్తోంది, పద అన్నయ్యా," అని తమ్ముడు తొందరపెడితే, ఆయన చెయ్యి మూతదాకా పోనేలేదు.

"లోపం దొరికిందా బావగారూ?"

"ఇంకా లేదమ్మా," అంటూ స్పానరు అందుకుని, పదోసారి విప్పడం మొదలుపెట్టాడు.