దొరసాని గడియారం కథ చెప్పిన మా మేడం

మా లైబ్రరీ మేడం పోయారు. నేను పొదిలి మార్కెట్లో వంకాయలు బేరమాడుతుంటే మస్తానమ్మ ఫోన్ చేసి చెప్పింది. చిన్నప్పుడు మార్కాపురం ఆడపిల్లల హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. "పొద్దున పోయిందంట. మొన్నటి దాకా వీధి పిల్లోళ్లకు కథ చెప్తానే ఉన్నిందంట. దొంగెవరో చెప్పకుండానే పోయింది చూడు!" అని ముక్కు చీదింది. అంత బాధలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. మేడం కథ ఆపే తీరు అట్లాంటిది.

ఆమె ఒడిలో ఎప్పుడూ వేయించిన శనగలు ఉండేవి. కథ మంచి పట్టులో ఉండగా ఒక గింజ నోట్లో వేసుకుని, మా ప్రాణాలు తోడుతూ తాపీగా నమిలేవారు. "కథకు టికెట్ లేదే, ఎవరైనా ఎక్కొచ్చు," అనేది ఆమె మాట.

మా హాస్టల్ లైబ్రరీ అంటే ఒక బీరువా. అందులో సీమదొరల బోర్డింగ్ స్కూళ్లలో జరిగే పాతకాలపు డిటెక్టివ్ కథలు తెలుగులో ఉండేవి. దొంగను పట్టేది ఎప్పుడూ బంగారు జుట్టు పిల్లలే. నల్లటివాళ్లు, లేనివాళ్లు వస్తే వంటింట్లోకి రావాలి, లేదా దొంగలుగా రావాలి. మేడంకు అది ఒళ్లుమంట. అట్లని పుస్తకాలు దాచేయలేదు. వాటికి పోటీగా తనే ఒక కథ ఎత్తుకున్నారు. దొరల కాలంలో మార్కాపురంలో ఒక బోర్డింగ్ స్కూలు, దాని పెద్ద టీచరు ఒక దొరసాని. షావుకారు కూతురు, పలకల గనిలో రాయి కొట్టే ఆయన కూతురు, దర్జీ సాయిబు కూతురు, కర్ర పట్టుకుని నడిచే పిల్ల, అందరూ అక్కడే చదువుతారు.

"అట్లాంటి స్కూలు నిజంగా ఉన్నిందా మేడం?" అంటే, "లేకుంటే ఏంది? మనం ఉన్నాం కదా," అనేవారు.

కథ ఆదివారం మధ్యాహ్నం. మార్కాపురంలో పలకలకేం కొదవ? భాగం అయిపోగానే, దొంగెవరో పలక మీద రాసి గుండెకు ఆనించుకోవాలి. ఆమె "తిప్పండి" అంటే అందరం ఒక్కసారే తిప్పాలి.

నేను ఆరో తరగతిలో కొత్తగా చేరిన రోజులవి. మాది పుల్లలచెరువు వైపు ఒక పల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. నా దగ్గర గొర్రెల వాసన వస్తుందని ఎవరూ పక్కన పడుకునేవారు కాదు. ఉండలేనని కబురు పెడితే ఒక ఆదివారం నాయన వచ్చాడు. పెట్టె సర్దుకుని వరండాలో కూర్చున్నాను. మేడం చూసి, "బస్సుకు ఇంకా టైముందన్నా. ఈ భాగం విని పోదురు," అని నాయనను కూర్చోబెట్టారు.

ఆరోజు కథలోకి గొర్రెలు కాచేవాళ్ల పిల్ల వచ్చింది. ఆ పిల్ల చేరిన మర్నాడే దొరసాని బంగారు గడియారం మాయం. "తిప్పండి!" అన్నారు మేడం. అన్ని పలకల మీదా ఒకటే మాట: గొర్రెల పిల్ల. నాది మాత్రం ఖాళీ.

నాయనకు చదువు రాదు. "ఏం రాసినారమ్మా అందరూ?" అని అడిగాడు. మస్తానమ్మ గొణుగుతూ చెప్పింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మేడం తిట్టలేదు. "ఆ పిల్ల ఇంకా నోరన్నా తెరవలేదు కదే, దొంగ ఎట్లయింది?"

"పుస్తకాల్లో అట్లనే ఉంటది మేడం," అన్నారు ఎవరో.

"ఇది మన కథ. దొంగను పట్టేది ఆ పిల్లే. ఎట్ల పడతదో వచ్చే ఆదివారం చెప్తా." నా వైపు చూశారు. "ఈ అమ్మి ఉంటేనే. పోతే కథ కూడా పోయినట్టే."

అంతే, హాస్టలంతా నా మీద పడింది. "ఉండవే! మా అమ్మ కదా, ఉండవే!" నా పక్కన పడుకోనన్నవాళ్లే చేతులు పట్టుకున్నారు. మస్తానమ్మ నా పెట్టెను లోపలికి ఈడ్చుకుపోయింది.

"ఏందమ్మా, పోదామా?" అన్నాడు నాయన.

"నువ్వు పో నాయనా," అన్నాను.

ఈరోజు నేనూ పిల్లలకు పాఠం చెప్తున్నానంటే ఆ ఆదివారం వల్లే. ఆ మాట మేడంతో అంటే, "నేనేం చేసినా? కథ ఆపినా, అంతేగా," అనేవారు.

ఆరోజు బస్టాండు వైపు వెళ్లిన నాయన గబగబా వెనక్కి వచ్చాడు. ఏమైనా మరిచిపోయాడేమో అనుకున్నాను. గేటు ఊచలు పట్టుకుని, "మేడం! ఆ గడియారం దొరసానే దాచింటది. ఆమె మీద ఒక్కరికీ అనుమానం రాలే చూడండి!" అని కేకేశాడు. మేడం చెంగుతో నోరు మూసుకున్నారు. నవ్వుకు భుజాలు అదురుతుంటే, ఇంకో చేత్తో నాయనకు సైగ చేస్తున్నారు: చెప్పొద్దు, చెప్పొద్దు!