అక్కయ్య చూడని ఇరవై రెండు నిమిషాలు

మా అక్కయ్య బెర్నడిన్ కోవాలిక్ ముప్పై ఒక్క సంవత్సరాలు గాజు కార్ఖానాలో గ్లాసులను వెలుతురుకు ఎత్తి చూసింది. బుడగ ఉన్నది ఎడమవైపు, లేనిది కుడివైపు. ఆ కన్ను తప్పించుకున్నవాడు మా ఊళ్ళో లేడు. ఆమె కంటే నాలుగేళ్ళు చిన్నవాణ్ణయిన నేను, అంటే ఆల్బిన్ కోవాలిక్‌ని, మొదటినుంచీ ఎడమవైపు గ్లాసునే. ఈ మాట ఆమె అనలేదు. నా దగ్గరున్న కాగితాలన్నీ పరిశీలించి నేనే తేల్చుకున్నాను.

కాగితాల సంగతి దాచి లాభం లేదు. కౌంటీ న్యాయస్థానంలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా సాక్షుల వాంగ్మూలాలు రాసుకున్నవాణ్ణి. ఉద్యోగం విరమించినా చెయ్యి విరమించలేదు. మేడమీది గదిలో ఆరు ఇనప బీరువాలున్నాయి. మా జట్టు 1951 నుంచి ఆడిన ప్రతి మ్యాచ్ వివరమూ, ఫుట్‌బాల్ లీగుకూ టీవీ సంస్థలకూ నేను రాసిన రెండువందల పన్నెండు ఉత్తరాల కార్బన్ ప్రతులూ, వాటికి జవాబుగా వచ్చిన అచ్చు కార్డులూ వాటిలో భద్రంగా ఉన్నాయి. కార్డులన్నింటి మీదా ఒకటే వాక్యం: మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు. అన్నీ ఒకటే అయినప్పుడు ఒక్కటి దాచుకుంటే చాలదా అని అక్కయ్య అడిగింది. తేదీలు వేరని చెప్పాను.

ఆ ఉత్తరాలలో నేను వాదించినవి రెండే విషయాలు. మొదటిది, మా అమెరికా ఫుట్‌బాల్‌లోని అదనపు సమయం. రెండు జట్లూ సమానంగా నిలిచి మ్యాచ్ ముగిస్తే ఒక నాణెం ఎగరేస్తారు. అది ఎవరి పక్షాన పడితే బంతి వారిది. ముందు స్కోరు చేసినవారు గెలిచినట్టే. రెండో జట్టు బంతిని ముట్టుకోకుండానే ఇంటికి పోవచ్చు. అరవై నిమిషాలు ఎముకలు విరగ్గొట్టుకున్న మనుషుల భవితవ్యాన్ని ఒక లోహపు బిళ్ళకు అప్పగించడం నాగరిక సమాజానికి తగునా అన్నది నా ప్రశ్న. రెండో విషయం, మొదలైన మ్యాచ్‌ను చివరి క్షణం వరకూ చూపించి తీరాలి. ఆ తర్వాతి కార్యక్రమం ఏదైనా సరే, వాకిట్లో నిలబడి ఎదురుచూడాలి. ఈ రెండోదాన్ని టీవీ సంస్థలు ఏనాడో అమలులో పెట్టాయి. నా ఉత్తరాల వల్లనేనని మంగలి ఎన్నియో దుకాణంలో చాలాసార్లు చెప్పుకున్నాను. ఎవరూ ఖండించలేదు. వినలేదు కాబట్టి.

ఆ కార్యక్రమం మా అక్కయ్యది అవుతుందని మాత్రం ఊహించలేదు.

ఆదివారం సాయంత్రాలు వచ్చే ‘ఏడో నంబరు రేవు’ అనే సీరియల్‌ను ఆమె పదకొండేళ్ళు చూసింది. పెద్ద సరస్సు, పడవల రేవు, కెప్టెన్ డోయల్, అతని భార్య నోరా. ఏడో ఏట కెప్టెన్ పొగమంచులోకి పడవ తీసుకుపోయి తిరిగి రాలేదు. అప్పటినుంచి నోరా ఎదురుచూస్తూనే ఉంది. పొగమంచులో ఒక మనిషి నాలుగేళ్ళు ఎలా తప్పిపోతాడు, సరస్సుకు అవతలి ఒడ్డు లేదా అని నేను అడిగేవాణ్ణి. ఆ సీరియల్ చెత్త అని వారానికోసారి, మర్యాదగానే, చెప్పేవాణ్ణి.

“అతను వస్తాడా రాడా అన్నది నాకు అక్కర్లేదురా ఆల్బీ,” అనేది అక్కయ్య. “వచ్చి తలుపు కొడితే ఆవిడ ఏం చేస్తుందో చూడాలి. అంతే.”

ఈ మాటకు మూలం నాకు తెలియనిది కాదు. 1936 మార్చిలో మా నాన్న డెట్రాయిట్‌లో పని దొరకగానే కబురు పంపుతానని వెళ్ళాడు. కబురు రాలేదు, మనిషీ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా అమ్మ జుట్టు సవరించుకునేది. పదమూడేళ్ళ అక్కయ్య వెళ్ళి తలుపు తీసేది. బొగ్గు బండివాడో, పక్కింటివాళ్ళో ఉండేవారు. అమ్మ పోయేదాకా అలాగే గడిచింది. ఆరు బీరువాలు నింపిన నా దగ్గర నాన్న రాసిన ఒక్క చీటీ లేదు. అయినా, ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. పెట్టి ఉంటే ఆ ఆదివారం ఇంకొంచెం బుద్ధిగా ఉండేవాణ్ణేమో.

సీరియల్ ఏదైనా మే నెలలో ముగియడం మర్యాద. దీన్ని ఆదరణ తగ్గిందని 1994 డిసెంబరులో, ఫుట్‌బాల్ సీజను మధ్యలో ముగించారు. చివరి భాగం రెండు గంటలు, ఏడు నుంచి తొమ్మిది వరకు, మా జట్టు మ్యాచ్ అయిన వెంటనే. అక్కయ్యకు ఆదివారం సాయంత్రం చర్చి నేలమాళిగలో బింగో అనే అంకెల ఆట ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా అంకెలు చదివేది ఆమే. కాబట్టి సీరియల్‌ను రికార్డరులో టేపు చేయడం నా పని, సోమవారం పది గంటలకు అక్రోట్ల రొట్టె, కాఫీ ముందు పెట్టుకుని చూడడం ఆమె పని. జీవితంలో ఆమె నన్ను కోరినది ఈ ఒక్కటే.

ఆ రోజు వెళుతూ వెళుతూ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ‘మ్యాచ్ ఎంత సాగితే టేపు అంత సాగాలి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

“దీన్ని టీవీకి అంటించు.”

“నాకు ఆ మాత్రం తెలియదా అక్కయ్యా?”

“తెలుసు కాబట్టే రాసిచ్చాను. నీకు తెలిసినవన్నీ బీరువాలోకే పోతాయి.”

ఆమె గుమ్మం దాటగానే నేను ఆ కాగితం మీద తేదీ వేసి, ‘ఇంటి వ్యవహారాలు, ఆదేశాలు’ అనే ఫైలులో భద్రపరిచాను. ముఖ్యమైన కాగితాన్ని టీవీకి అంటిస్తే పాడైపోతుంది.

తర్వాత జరిగినది ఊరందరికీ తెలుసు. ఒహాయో జట్టుతో మ్యాచ్ సమానమైంది. నాణెం ఎగరేశారు. వాళ్ళ పక్షాన పడింది. వాళ్ళు బంతిని నాలుగు విడతల్లో ముందుకు తోసి, ఒక సన్నపాటి మనిషిని పిలిచి స్తంభాల మధ్యకు తన్నించారు. మావాళ్ళు బంతిని తాకనైనా లేదు. అప్పుడు ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలు. నేను టీవీ కట్టేసి, మేడెక్కి, టైపు మిషను ముందు కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ నాణేల లెక్కలతో, రెండు అనుబంధాలతో నాలుగు పేజీల ఉత్తరం. నా జీవితంలో నేను రాసిన ఉత్తమ గద్యం అదేనని ఇప్పటికీ అనుకుంటాను. అలవాటు ప్రకారం చివర ముగించిన సమయం కూడా కొట్టాను: 9:06.

సోమవారం ఉదయం అక్కయ్య చర్చిలో పూజకు వెళ్ళాక టేపును వెనక్కు తిప్పి సరిచూడబోయాను. మొదట ఇరవై రెండు నిమిషాలు మ్యాచ్, ఎగిరిన నాణెం, ఓడిన మా ఆటగాళ్ళ వీపులు. అప్పుడు సీరియల్. రికార్డరు మాత్రం నేను చెప్పినట్టే బుద్ధిగా తొమ్మిదికి ఆగిపోయింది. నోరా వంటగదిలో ఉంది, తలుపు చప్పుడైంది, గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తర్వాత తెర నిండా ఇసక రాలినట్టు చుక్కలు. ఆ వేళకు నేను రెండో అనుబంధం కొడుతున్నాను. నా నేరానికి సాక్ష్యం నా సొంత ఉత్తరం మీదే, నిమిషంతో సహా, నమోదై ఉంది.

ఇరుగుపొరుగువారిని టేపు అడుగుదామని బయలుదేరాను. తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ పత్రికలో వేసిన సమయం చూసి రికార్డరు పెట్టుకుని, బింగోకో, బాధ మరచిపోవడానికి సారాయి కొట్టుకో వెళ్ళారు. తొమ్మిది ఇళ్ళు తిరిగితే తొమ్మిది టేపుల్లోనూ నోరా చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. ఫుట్‌బాల్ ఊరు చేయగలిగే తప్పు ఇది.

ఇక మిగిలినవారు ఇంట్లో కూర్చుని కళ్ళారా చూసినవారు. నేను జేబులోంచి కాగితం, కలం తీశాను.

మూల మీది ఫలహారశాలలో వడ్డించే లోరెట్టా కాఫీ పోస్తూనే చెప్పింది: “కెప్టెనే వచ్చాడు. కోటంతా మంచు. ఆవిడ మొహం మీద తలుపేసేసింది. నేనైతే ముందు వేడి సూపు పోసి, అప్పుడు వేసేదాన్ని.”

“సూపు అతనికి పెట్టా, అతని మీద పోసా?”

“అది మీరు రాసుకోకండి ఆల్బీ బాబాయ్.”

ఎన్నియో కత్తెర ఆపకుండా తల అడ్డంగా ఊపాడు. “కెప్టెనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. వచ్చింది ఆ రేవు డాక్టరు. ఆవిడ ఆయనతో పడవెక్కి పోయింది.”

“నువ్వు స్వయంగా చూశావా?”

“చూశాను. మధ్యలో మా బావమరిది ఫోను చేస్తే కోచ్‌ని కాసేపు తిట్టుకున్నాం. కాసేపే.”

“ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలు.”

ఉత్తరాలు పంచే డెల్‌బర్ట్ సంచి దించి, గొంతు తగ్గించి చెప్పాడు. “అసలు కెప్టెన్ అనేవాడే లేడండీ. పదకొండేళ్ళ కథా ఆవిడ రాసుకున్న ఉత్తరమే.”

“కునుకు తీశావా డెల్‌బర్ట్?”

“కళ్ళు మూశానండీ. చెవులు తెరిచే ఉన్నాయి.”

ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకుని, మూడింటినీ సమన్వయిస్తూ ఒక నివేదిక తయారు చేసుకుని ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. అక్కయ్య కోటు కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చుని ఉంది. తెర మీద చుక్కలు రాలుతున్నాయి. రొట్టె ముక్క కొరకలేదు.

“ఆవిడ గొళ్ళెం మీద చెయ్యేసిందిరా ఆల్బీ,” అంది. కోపంగా అంటే బాగుండేది.

నేను నిలబడే నివేదిక తీశాను. “అక్కయ్యా, లభ్యమైన సాక్ష్యాల ప్రకారం తలుపు వద్ద ఉన్న వ్యక్తి కెప్టెన్ గానీ, డాక్టరు గానీ, లేదా...”

“చాలు.”

“సారాంశమైనా వినవా?”

“యాభై ఏళ్ళుగా ఓడిన ప్రతి మ్యాచూ మనమే గెలిచినట్టు చెబుతున్నావు. ఇది నీ నోట వింటానా?” ఆమె టీవీ ఆపింది. “అమ్మ ఎన్నిసార్లు లేచి జుట్టు సవరించుకుందో నీకు గుర్తుందా? నువ్వు బల్ల కింద పడుకుని బొమ్మలు గీసుకునేవాడివి. తలుపు తీసేదాన్ని నేను. ఎవరో ఒకరు సరైన మనిషికి తలుపు తీస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనుకున్నాను.”

నేను కాగితాలు మడిచాను.

ఆమే అంది: “నీ మిషను కిందికి తీసుకురా.”

ఆమె చెప్పగా నేను టీవీ సంస్థకు టైపు చేసినది ఇదీ: ‘అయ్యా, నాకు డెబ్బై ఒక్క సంవత్సరాలు. మీ నాటకం పదకొండేళ్ళు చూశాను. మ్యాచ్ సాగింది, మా తమ్ముడు మరిచిపోయాడు. తలుపు దగ్గర ఎవరున్నారో నేను చూడాలి. బెర్నడిన్ కోవాలిక్.’

“మరిచిపోయాడు అనే బదులు, అనివార్య పరిస్థితుల వల్ల అంటే బాగుంటుందేమో.”

“మరిచిపోయాడనే కొట్టు.”

“నాణెం విషయం ఒక్క వాక్యం...”

“నీ వేళ్ళు తీసి పక్కన పెట్టు. సంతకం చేస్తాను.”

జనవరి రెండో వారంలో డెల్‌బర్ట్ టీవీ సంస్థ నుంచి వచ్చిన ఒక పొట్లం తెచ్చాడు. లోపల టేపు, దానితోపాటు చేత్తో రాసిన చిన్న చీటీ: మా అమ్మకు కూడా ఇలాగే జరిగింది, మీరు చూసి తెలియజేయండి అని. చేత్తో. నా రెండువందల పన్నెండు ఉత్తరాలకు ఏ మానవుడూ కలం మూత తీయలేదు. ఆ చీటీని ఫైలులో పెడతానని అడిగితే అక్కయ్య తన ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది.

ఆ రోజు పది గంటలకు ఆమె టీవీ గదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకుంది. నేను కాఫీ ఇచ్చే నెపంతో నడవలో నిలబడ్డాను. టీవీలో తలుపు చప్పుడైంది. గొళ్ళెం తీసిన శబ్దం. ఒక మగ గొంతు ఏదో అంది, నాకు మాట తెలియలేదు. తర్వాత మా అక్కయ్య నవ్వింది.

చిన్న నవ్వు కాదు. కార్ఖానాలో పనిచేసే రోజుల్లో, తోటి ఆడపిల్లలతో మెట్లు దిగుతూ నవ్విన నవ్వు. నేను జేబులోని మూడు వాంగ్మూలాలూ తీసి అక్కడే నిలబడి మళ్ళీ చదివాను. మూడింటిలోనూ నవ్వవలసిన చోటు ఒక్కటీ లేదు. లోపల టేపు వెనక్కు తిరిగింది. అదే చోట ఆమె మళ్ళీ నవ్వింది.

బయటికి వచ్చి నా చేతిలో చల్లారిన కాఫీ అందుకుంది.

“ఎవరు అక్కయ్యా?”

“పదకొండేళ్ళు చెత్త అన్నావు. చెత్తతో నీకేం పని?”

టేపును తన గదిలోని పెట్టెలో పెట్టి తాళం వేసింది. వంటింట్లోకి వెళ్ళి క్యాబేజీ తరుగుతూ ఇంకోసారి నవ్వింది. నావైపు చూసి కాదు, గిన్నెలోకి.