మేడ లేని మెట్లు

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. టీవీలో వారం వారం వచ్చే నవ్వుల సీరియల్లో అత్తయ్య వేషం వేసీ వేసీ, చివరికి మేకప్ చేసే ఆయనకూ, వీధిలో పాలవాడికీ కూడా అత్తయ్యే అయిపోయింది.

అలాంటి సీరియళ్ళకు కొన్ని కట్టుబాట్లుంటాయి. భోజనాల బల్లకు ప్రేక్షకుల వైపు ఎవరూ కూర్చోరు. వీధి తలుపుకు గడియ ఉండదు. ఎంత కొంప మునిగినా ఆఖరికి అందరూ ఆ సోఫా మీదికే చేరతారు. షూటింగు చూడ్డానికి హాల్లో కూర్చున్న జనం నవ్వు ఆగేదాకా నటులు కదలరు, మెదలరు. కథకు ఎవరైనా అక్కర్లేకపోతే మాత్రం, ఒకసారి మేడ మీదికి వెళ్ళి ఇక దిగరు. ఏమయ్యారని ఇంట్లోవాళ్ళూ అడగరు, చూసేవాళ్ళూ అడగరు. అత్తయ్య తమ్ముడిగా వేసినాయన వేషం అలాగే పోయింది పాపం.

ఆ మేడా ఉత్తిదే. మెట్లెక్కి గోడ చాటుకు తిరిగితే మనిషి నిలబడేంత చెక్క, దాని వెనక దిగడానికి నిచ్చెన. ఈమధ్య అత్తయ్య మోకాళ్ళు ఆమె మాట వినడం లేదు. ఆ నిచ్చెన చూస్తే పైప్రాణాలు పైనే పోతున్నాయి. చెబితే వేషం ఊడుతుందని కిక్కురుమనలేదు. ఆ వేషమే పోతే, పొద్దున్నే లేచి తల దువ్వుకునే పని కూడా ఉండదు ఆమెకు.

ఆ రోజు కోడలితో పోట్లాడి మేడెక్కే సీను. ఎక్కింది. సీను అయ్యాక నిచ్చెన మీదికి కాలు చాపింది. కాలు ఆనలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టి గోడకు అతుక్కుపోయింది. అప్పుడే చెక్క కింద డైరెక్టరు గొంతు వినపడింది. రచయితతో అంటున్నాడు: "పెద్దావిడ తూలుతోందయ్యా. ఏదైనా జరిగితే మన మెడకు చుట్టుకుంటుంది. ఇవాళ పైకెక్కిందిగా, అక్కడితో సరిపెట్టెయ్."

ఆమెకు తమ్ముడిగా వేసినాయన గుర్తొచ్చాడు. ఇంతలో కెమెరాలు మళ్ళీ తిరిగాయి, కింద కొడుకూ కోడలూ మాటలందుకున్నారు. అత్తయ్య మెట్ల మీదికొచ్చి చతికిలబడింది. కళ్ళు మూసుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ జారుతూ దిగసాగింది. హాలు గొల్లుమంది.

"భయమేస్తోందే అమ్మాయ్. చెయ్యందుకో," అంది కోడలితో.

నవ్వు రెట్టింపైంది. హాల్లో నవ్వు ఆగేదాకా కోడలు కదలకుండా నిలబడింది. చెయ్యి అందలేదు.

సీను కాగానే డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. తీసేసే మాట ఎత్తలేదు. "ప్రాణం పోశారత్తయ్యా! ఇక ప్రతి వారం ఇలాగే దిగాలి. ఆ వణుకు మాత్రం తగ్గనివ్వకండి."

వేషం నిలిచినందుకు అత్తయ్య ఆయనకు దణ్ణం పెట్టింది.

తర్వాతి వారం మళ్ళీ ఎక్కి చెక్క మీద నిలబడింది. గోడ పక్కనుంచి ఆమె చెయ్యి కమ్మీ కోసం వెతుక్కుంటూ కనిపించిందో లేదో, హాలు నవ్వడం మొదలుపెట్టింది. తను నిజంగా పడిపోయినా ఇక ఎవరికీ తెలియదని ఆమెకు అప్పుడు అర్థమైంది.