మా క్రికెట్ కార్డులకి నేను చేసిన మేలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చావరు. కానీ చంపేద్దామన్నంత కోపం వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఆ కోపం వచ్చింది నా మీదే. వాళ్ళనేం అనను. నా ఒళ్ళు మండేదల్లా ఆ రోజుల్లో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు కంప్యూటర్ క్లాసుకి వెళ్తూ, కొత్తపేటలో తనకి తెలియని విద్య లేదని తలెగరేసుకు తిరిగిన బేబీ అనే పిల్ల మీద. ఆ బేబీని నేనే. ఇప్పుడు గాని ఎదురుపడితే రెండు జెళ్ళూ పట్టుకుని ఆ పిల్లని గోడకేసి కొట్టనూ!

మా చిన్నతనంలో, అంటే తొంభైల్లో, బబుల్‌గమ్ కొంటే లోపల ఒక క్రికెట్ కార్డు వచ్చేది. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని పరుగులూ వికెట్లూ. మా అన్నయ్య శ్రీనుకి కార్డు కావాలి, నాకు గమ్ కావాలి. అలా కుదిరింది మా పొత్తు. వాడు కార్డులు పోగేశాడు, నేను దవడలు అరగదీసుకున్నాను. పెద్దయ్యాక అవి ఎవరివన్న తగువు వచ్చింది.

"కొన్నది నేను," అనేవాడు అన్నయ్య.

"నమిలింది నేను. నమలకుండా కార్డొచ్చిందేంటి?" అనేదాన్ని.

అన్నయ్యకి కువైట్ ఉద్యోగానికి ముంబైలో ఇంటర్వ్యూ పడింది. ప్రయాణానికి చేతిలో డబ్బు ఆడటం లేదు. సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. ఇలాంటి పాత కార్డుల్ని వేలం వేసి అమ్ముకునే వెబ్‌సైట్ ఒకటి ఉందని ఇంటర్‌నెట్ సెంటర్‌లో చూశాను. అన్నయ్యకి చెబితే మొదట నవ్వాడు. తరవాత కార్డుల డబ్బా నా చేతిలో పెడుతూ ముఖం పెళ్ళికూతుర్ని అప్పగించే తండ్రిలా పెట్టాడు.

"జాగ్రత్తే బేబీ. వీటి మీదే పెట్టుకున్నాను నా ప్రయాణం."

"నేనున్నానుగా!" అన్నాను. ఆ ఒక్క ముక్కా వినగానే వాడు డబ్బా లాక్కుని పారిపోవలసింది. పారిపోలేదు. అది వాడి తప్పు.

కార్డులు స్కాన్ చేయించి సైట్‌లో పెట్టాను. విశాఖపట్నం నుంచి మూర్తిగారనే ఆయన కొంటానన్నారు. పాత కార్డులు సేకరించడం ఆయనకి పిచ్చిట. ఇంటి నంబరు తీసుకుని ఫోన్ చేశారు.

"కార్డులు మింటేనా అమ్మా?"

ఆ వ్యాపారంలో మింట్ అంటే గీత పడకుండా, మడత లేకుండా అచ్చు కొత్తదానిలా ఉన్నదని అర్థంట. నాకేం తెలుసు? నాకు తెలిసిన మింట్ నోట్లో వేసుకునేది. అబద్ధమాడి అమ్ముకునే వంశం కాదు కదా మాది!

"మింట్ కాదండీ, స్ట్రాబెర్రీ. నేనే నమిలేను," అన్నాను నిజాయితీగా.

 అవతల నుంచి పెద్ద నవ్వు. "భలే సరదా మనిషివమ్మా," అన్నారాయన. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వులో మునిగిపోయింది మా బతుకు.

"శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వస్తున్నాను. అక్కణ్ణించి మీ ఇంటికొచ్చి స్వయంగా తీసుకెళ్తాను. అందాకా తేమ తగలనివ్వకు, వేలిముద్రలు పడనివ్వకు," అని మరీ మరీ చెప్పి పెట్టేశారు.

బయట చూస్తే ముసురు. మా ఊరి ముసురులో బీరువాలో చీరలకే బూజు పడుతుంది, ఇంక కార్డులెంత? తేమ తగలకూడదు, వేలిముద్రలు పడకూడదు. ఆలోచించాను. నేను ఆలోచించిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి పోయింది. అప్పుడూ అదే జరిగింది. డబ్బా చంకన పెట్టుకుని జెరాక్స్ షాపుకి వెళ్ళాను.

"ఇవన్నీ లామినేషన్ చేస్తారా అండీ?" అని అడిగాను షాపతన్ని.

"ఆయ్, చేస్తామండీ. రేషన్ కార్డులా, ఓటరు కార్డులా?"

"క్రికెట్ కార్డులండీ."

అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మందంగా చేసెయ్యమంటారా? ఇంక మీ మనవల కాలం దాకా ఢోకా ఉండదండి."

"చేసెయ్యండి!" అన్నాను. దగ్గరుండి, వేడివేడిగా మెషిన్లోంచి వచ్చిన ఒక్కో కార్డునీ పావడాతో తుడిచి మరీ తెచ్చుకున్నాను. అన్నయ్య పాస్‌పోర్టు పని మీద అమలాపురం తిరుగుతున్నాడు. వాడికి చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపోయాడు లెండి.

శనివారం మూర్తిగారు వచ్చారు. నుదుట నామం, చేతిలో ప్రసాదం. అమ్మ కాఫీ ఇచ్చి, అన్నయ్య ముంబై ప్రయాణం సంగతి చెప్పింది. ఆయన జేబులోంచి తెల్లటి గుడ్డ చేతితొడుగులు తీసి తొడుక్కున్నారు, కార్డులు ముట్టుకోవడానికి. అది చూసి అన్నయ్య ముఖం వెలిగిపోయింది. నేను డబ్బా మూత తీశాను.

ఆయన ఒక కార్డు తీశారు. వంచి చూశారు. వంగలేదు. గోటితో కొట్టారు. టకటకమంది. రెండోది తీశారు. మూడోది తీశారు. చేతితొడుగులు మెల్లగా ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది?"

"లామినేషనండీ! అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు," అన్నాను దాతృత్వంతో.

"ఏంటీ?" అని అన్నయ్య అరిచిన అరుపుకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. "ఏం చేసేవే నువ్వు?"

పాపం, అమ్మకి విషయం బోధపడలేదు. కూతురు చేసిన పని గొప్పదేననుకుంది. "కంగారు పడకండి బాబుగారూ, నీళ్ళు పడినా చెక్కు చెదరవండీ, చూడండి!" అంటూ చెంబులో నీళ్ళు డబ్బాలోకి ఒంపేసింది.

మూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. "అమ్మా, వీటికి ప్లాస్టిక్ తగిలిందంటే విలువ పోయినట్టేనమ్మా. ఇప్పుడివి చిత్తుకాగితాలు. కాదు, చిత్తుకాగితాలైనా పొయ్యిలోకి పనికొస్తాయి!"

"మరి తేమ తగలకూడదని మీరే కదండీ అన్నారు?"

"తగలనివ్వద్దన్నాను. సమాధి కట్టెయ్యమన్నానా?"

అన్నయ్య పళ్ళు కొరుకుతూ లోపలికెళ్ళి పాస్‌పోర్టు కవరు తెచ్చాడు. దాంట్లోంచి ఒక కార్డు తీశాడు. "ఒక్కటి మాత్రం నా దగ్గరే ఉంచేసుకున్నానండీ. ఈ బేబీని నమ్మలేక."

మూర్తిగారు అందుకున్నారు. మళ్ళీ చేతితొడుగులు వేసుకున్నారు. ఆయన గొంతు మారిపోయింది. "బాబూ, నేను ఏళ్ళ తరబడి వెతుకుతున్నది ఇదే. మిగతావి పోతే పోయాయి. దీనికే మంచి ధర ఇచ్చేస్తాను, నీ ప్రయాణం ఆగదు."

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అన్నయ్య నా వైపు చూసిన చూపులో కోపం సగానికి తగ్గింది. అక్కడితో ఆగి ఉంటే నాకు ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

"నలిగిపోకుండా ఒక అట్టముక్క ఉంటే ఇయ్యమ్మా," అని కార్డు బల్ల మీద పెట్టి, మూర్తిగారు పర్సు తీశారు. అమ్మా అన్నయ్యా ఇద్దరి కళ్ళూ పర్సు మీదే ఉన్నాయి. నేను అట్ట తెచ్చి దాని మీద కార్డు పెట్టాను. జారుతోంది. చేసిన తప్పు దిద్దుకోవాలని నాకు ఒకటే తపన. పక్కనే నా కాలేజీ రికార్డు, దాని మీద స్టాప్లర్.

టక్.

సరిగ్గా బ్యాట్స్‌మన్ నుదుటి మీద, బొట్టు పెట్టే చోట.

మూర్తిగారు నిదానంగా పర్సు జేబులో పెట్టేసుకున్నారు. "నువ్వు చదివే కాలేజీ ఏదమ్మా?"

"ఎందుకండీ?"

"మా అమ్మాయిని అందులో చేర్పించకుండా ఉండటానికి."

"ఇది నా కడుపున ఎలా పుట్టిందో!" అని అమ్మ చేటతో ఒక్కటిచ్చింది. ఆ తరవాత అన్నయ్య అన్న మాటలు అచ్చులో వేసేవి కావు. కొబ్బరితోటలో దింపబోయే కాయల మీద నాన్న వ్యాపారి దగ్గర ముందుగా డబ్బు అడిగి తెచ్చి వాణ్ణి ముంబై పంపారు. ఉద్యోగం వచ్చింది. కువైట్ నుంచి మొదటిసారి ఫోన్ చేసి అందరి క్షేమం అడిగి, "దానికి మాత్రం ఫోనివ్వకమ్మా, బాగుచేసేస్తాది," అన్నాడట.

అందుకని, కొత్తపేట వాస్తవ్యురాలినైన నేను పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంటర్‌నెట్‌లో గుండుసూది కూడా అమ్మను. ఒకవేళ అమ్మవలసి వస్తే, దాన్ని దేనికీ గుచ్చి పంపను.