హాకీ పెద్దాయనకు డ్రైవర్‌గా

నాకు వీసా ఇచ్చిన కఫీల్ సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆటసామాన్ల షాపు తెరుస్తూ, ప్రారంభానికి ఒక చెక్ పెద్దాయనను పిలిపించాడు. మంచు మీద ఆడే హాకీలో ఒకప్పుడు మహా పేరున్నవాడట. ఆట మానేసి చాలా ఏళ్లయింది, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆ వారం ఆయనను తిప్పే పని ఇంటి డ్రైవర్నైన నా మీద పడింది.

నేనేమో ఊరికి పోవాలి. రాజంపేటలో నా భార్యకు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడూ నేనిక్కడే స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను. ఈసారి పక్కనుంటానని మాటిచ్చాను. ఊరికి పోయి రావడానికి ఆయన ఇవ్వాల్సిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం అడిగితే, "గెస్ట్ వెళ్లగానే ఇస్తా, ఇన్షా అల్లా" అన్నాడు కఫీల్. ఈ ఎడారిలో మంచు ఆటగాణ్ని ఎవడు గుర్తుపడతాడులే, వారంలో పోతాడు అనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ని!

విదేశీ ఇంజనీర్లు కాపురముండే ధహ్రాన్ కాంపౌండులో అడుగు పెట్టామో లేదో, ఆయన దేశం వాళ్లు, కెనడా వాళ్లు కారును చుట్టుముట్టేశారు. గడ్డాలు నెరిసిన ఇంజనీర్లు ఆయన చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. షాపు కిటకిటలాడింది. కఫీల్ సంబరపడిపోయి ఆయనను ఇంకో వారం, ఆపైన ఇంకో వారం ఆపేశాడు.

వచ్చీరాని ఇంగ్లీషులో పెద్దాయనకు నా గోడు వెళ్లబోసుకున్నాను. "నేను చెప్తాను" అన్నాడు. ఇంత పేరున్న మనిషి సిఫారసు చేస్తే ఎవడు కాదంటాడు? భోజనాల దగ్గర చెప్పాడు కూడా, నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఇంత మంచి డ్రైవర్ను నేనెక్కడా చూడలేదు. అతన్ని ఇంటికి పంపండి."

కఫీల్ మొదటి ముక్కే చెవిన పెట్టాడు. "అంత నచ్చాడా? అయితే మీరున్నన్నాళ్లూ మీతోనే ఉంటాడు. నాది పూచీ!"

పెద్దాయన మొహం పాలిపోయింది. మర్నాడు కారులో ఉండబట్టలేక, "మీరైనా వెళ్లిపోవచ్చు కదా సార్?" అని విసుక్కున్నాను. తన తిరుగు టికెట్టు కూడా కఫీల్ చేతిలోనే ఉందన్నాడు. నా కర్మ!

ఆ సాయంత్రం మాల్ ముందు మళ్లీ జనం. అందరూ ఫోన్లు తెచ్చి నా చేతుల్లో పెట్టి ఫోటో తియ్యమన్నారు. మంచు హాకీ అంటే ఏమిటో తెలియని మనవాళ్లూ ఎగబడ్డారు.

"అన్నా, మాకూ ఒకటి తియ్యవా? ఇంతకూ ఎవరన్నా ఈయన?"

నా జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. చేతుల నిండా పరాయివాళ్ల ఫోన్లు. కఫీల్ పక్కనే నిలబడి, తియ్యి తియ్యి అని సైగ చేస్తున్నాడు.

జనం పలచబడ్డాక ఇంటికి ఫోన్ చేశాను. నా భార్యే ఎత్తింది, గొంతు నీరసంగా ఉంది.

"ఆడబిడ్డ. బాగుండాది."

గుండె నిండిపోయింది. "రెండు మూడు దినాల్లో ఎట్లయినా వచ్చేస్తా" అన్నాను.

"ఇంగేం తొందర? అంతా అయిపాయ గదా. నిదానంగానే రా."

తిట్టినా బాగుండేది. మామూలుగానే అంది.