లెక్కలోకి రాని బంతులు

మొన్న మా అక్క కూతుర్ని ఇక్కడ ఐర్లండ్‌లోనే కార్లో అనే ఊళ్లో కాలేజీకి దింపడానికి వెళ్లాను. కారు డిక్కీలోంచి అది పెద్ద పెట్టె ఎత్తబోతుంటే, "ఆగు, నడుము జాగ్రత్త!" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. "మామా, ఐ యామ్ గ్రాండ్, నాకేం కాలేదు," అని నవ్వి, పెట్టె దించేసింది. నాకు నవ్వు రాలేదు.

కరోనా మొదటి వేసవిలో నేను నేవన్‌లో అక్క వాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ హైదరాబాద్ వెళ్లి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. అక్క ములింగార్ ఆస్పత్రిలో డాక్టరు. "ఒరే, దాన్ని నువ్వే చూసుకోవాలిరా. నాకిక్కడ ఊపిరి సలపట్లేదు," అని నాకు అప్పగించింది. పన్నెండేళ్ల మేనకోడలు ఫాస్ట్ బౌలర్. ఆగస్టులో పదమూడేళ్లలోపు జట్టుకు ఎంపికలు. మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి దానికదే ఆఖరి అవకాశం. క్లబ్బు మూసేశారు. ఎదిగే పిల్లలు రోజుకు ముప్పై బంతులకు మించి వేయకూడదని కోచ్ సందేశం పంపాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది; నాకు అంతకంటే ఏం కావాలి? తేదీ, గాలి, నిద్ర, బంతులు అంటూ పదకొండు గడుల పట్టిక తయారుచేశాను. ఇళ్ల మధ్యనున్న పచ్చికలో పచ్చ చెత్తడబ్బాను వికెట్లుగా నిలబెట్టి, రెండు పక్కలా సుద్దపొడితో గీతలు గీశాను. బంతి గీత దాటితే వైడ్. వైడ్, నోబాల్ ఓవర్లో చేరవు, మళ్లీ వేయాలి. గల్లీ క్రికెట్ నాటి నుంచీ నాకు తెలిసిన లెక్క అదే. ఆ గాలికి సగం బంతులు గీత దాటేవి. "వైడ్! మళ్లీ వెయ్యి," అనేవాణ్ణి. అది కిక్కురుమనకుండా మళ్లీ పరిగెత్తేది. గోడ అవతలి ముసలాయన టీ కప్పుతో నిలబడి చూసేవాడు. ఒకరోజు, "నీ ముప్పై చాలా పొడుగైన ముప్పై అబ్బాయ్," అన్నాడు. ఆటరాని మనిషి సరదాకి అన్నాడనుకుని చెయ్యూపాను.

జూలైలో ఒక ఉదయం అది బూటు లేసు కట్టుకోవడానికి వంగి, లేవలేకపోయింది. ఫ్యామిలీ డాక్టరు స్కానింగుకు పంపారు. నడుం కింది ఎముకలో సన్నటి పగులు. ఫిజియో వీడియోలో మాట్లాడుతూ రోజుకెన్ని బంతులని అడిగింది. నేను దర్జాగా పట్టిక తెరిచి చూపించాను. ప్రతి వరుసలోనూ ముప్పై. ఆమె అర్థంకానట్టు చూస్తుంటే మేనకోడలు అంది: "బట్ ద వైడ్స్ డోంట్ కౌంట్, లైక్." "వాటికి కూడా నడుమే కదా తిప్పింది," అని ఫిజియో నెమ్మదిగా అంది.

సాయంత్రం అక్క మాస్కు గీతలు పడిన ముఖంతో వచ్చి, నా భుజం తట్టింది. "నువ్వు లెక్కపెట్టబట్టి ఈమాత్రంతో పోయిందిరా. నేను ఇంట్లో ఉంటే ముందే కనిపెట్టేదాన్నేమో." సోఫాలో పడుకున్న మేనకోడలు నావైపు ఒక్కసారి చూసి, కళ్లు తిప్పేసుకుంది. వైడ్ల సంగతి నేను చెప్పలేదు. అదీ చెప్పలేదు. ఇన్నేళ్లలో అక్కకు ఆ మాట చెప్పేందుకు కనీసం పది సందర్భాలు వచ్చాయి; అన్నీ గుర్తున్నాయి.

ఎంపికల రోజు, వానపడి వాయిదా వేస్తే బాగుండని అది నడుముకు పట్టీతో పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే కూర్చుంది. వానలకు పేరుపడ్డ ఈ దేశంలో ఆ రోజు చీకటి పడేదాకా ఎండ కాసింది. చలికాలానికి ఎముక అతుక్కుంది. తర్వాత అది వేరే జట్లకు ఆడింది, బాగానే ఆడింది. కానీ పన్నెండేళ్ల పిల్లకు ఒక వేసవి ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియలేదు. తెలిసేసరికి దానికి ఆ వయసు లేదు.